ఫ్లోలో అన్నీ చచ్చిన సెల్సే వచ్చాయి, తప్పు మెషీన్‌దా నాదా?

చెల్లి రాసిన ఉత్తరం (కొంచెం కుదించా):

"అక్కా, నేను వరంగల్‌లో పీహెచ్‌డీ సెకండ్ ఇయర్. ఒక మొక్క ఆకుల ఎక్స్‌ట్రాక్ట్ ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ సెల్స్‌ని చంపుతుందా లేదా అన్నది నా టాపిక్. మా డిపార్ట్‌మెంట్‌లో ఫ్లో సైటోమీటర్ (సెల్స్‌ని ఒక్కొక్కటిగా లేజర్ ముందునుంచి పంపి కొలిచే మెషీన్) లేదు, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ లేదు. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ కామన్ ల్యాబ్‌లో స్లాట్ తీసుకుని 24 ట్యూబులు థర్మోకోల్ డబ్బాలో ఐస్ మీద పెట్టుకుని బస్‌లో వెళ్ళా. దారిలో పాడవుతాయేమో అని ఇక్కడే పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసేసి, అక్కడికి వెళ్ళాక చచ్చే సెల్స్‌ని చూపించే అనెక్సిన్, పీఐ స్టెయిన్లు వేశా. ఆపరేటర్ సార్ కంట్రోల్స్ ఏవమ్మా అన్నారు, ఇవిగో సార్ అని అన్‌ట్రీటెడ్ ట్యూబ్ ఇచ్చా, ఆయన ఒకలా చూశారు. రన్ చేస్తే మందు వెయ్యని ట్యూబ్‌లోనే 97 శాతం పీఐ పాజిటివ్. ఏడో ట్యూబ్‌కి మెషీన్ జామ్ అయ్యింది. బిల్ మాత్రం 3 గంటలకీ వేశారు. మా గైడ్ డబ్బులు చెట్లకి కాస్తున్నాయా అన్నారు. వచ్చే నెల అక్కడే కాన్ఫోకల్ స్లాట్ ఉంది, వెళ్ళాలంటే భయంగా ఉంది. మెషీన్ బాలేదంటావా? ప్రైవేట్ ల్యాబ్‌కి పంపించేస్తే పోతుందా? ఇంకోటి, పేపర్ వస్తే ఆ సార్ పేరు పెట్టాలా?"

చెల్లీ,

మెషీన్ బానే ఉంది. ఆ విషయం ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నువ్వు ఆ ఆశ మీదే ఉన్నావని ఉత్తరం చూస్తేనే తెలిసిపోతోంది. నేను ఇలాంటి కామన్ ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు ఆ ఆపరేటర్ కుర్చీలోనే కూర్చున్నా, ఆ సార్ నీవైపు ఎలా చూసి ఉంటాడో ఇక్కడినుంచే కనిపిస్తోంది, అది కోపం కాదులే, "మళ్ళీ ఇదేనా" అన్న చూపు. నెలకి కనీసం ఇద్దరైనా నీలాగే ఫిక్స్ చేసిన సెల్స్ పట్టుకుని అనెక్సిన్-పీఐకి వచ్చేవాళ్ళు మా దగ్గరికి.

అసలేం జరిగిందో చూడు. పీఐ అనే డై బతికున్న సెల్ లోపలికి పోలేదు, పొర గట్టిగా ఉంటే గడప దాటనివ్వదు. సెల్ చచ్చి పొరకి చిల్లులు పడ్డాకే లోపలికి పోయి డీఎన్‌ఏకి అతుక్కుని 488 నానోమీటర్ల నీలం లేజర్ తగలగానే ఎర్రగా వెలుగుతుంది. నువ్వేమో పారాఫార్మాల్డిహైడ్ వేసి అన్ని సెల్స్‌నీ నీ చేత్తోనే చంపేసి, పొరల్ని పాడుచేసి, ఆ తర్వాత వీటిలో ఎన్ని చచ్చాయో చెప్పు అని మెషీన్‌ని అడిగావు. అది నిజమే చెప్పింది, 97 శాతం అంది. ఫిక్స్ చేయడం అంటే ఊరగాయ పెట్టడం లాంటిది, నిలవుంటుంది, కాదనను, కానీ జాడీలోంచి ముక్క తీసి ఈ మామిడికాయ కోసినప్పుడు చెట్టు మీద బతికే ఉందా, రాలి పడిందా అంటే ఎవరు చెప్తారు?

అనెక్సిన్ సంగతీ అంతే. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అని ఒక కొవ్వు ఉంది, బతికున్న సెల్‌లో అది పొర లోపలి వైపే ఉంటుంది, సెల్ అపాప్టోసిస్‌లోకి, అంటే తనంతట తాను చచ్చే దారిలోకి దిగగానే బయటి వైపుకి తిరుగుతుంది, అనెక్సిన్ దాన్ని పట్టుకుంటుంది. పొరకే చిల్లులుంటే అనెక్సిన్ లోపలికి పోయి అక్కడున్నదాన్నే పట్టుకుంటుంది, ఇక లోపలేది బయటేది తేడా తెలీదు. అంటే నీ నాలుగు గళ్ళ బొమ్మలో అన్నీ పోయి కుడివైపు పైగడిలో, అంటే రెండు స్టెయిన్లూ పట్టిన గడిలో కుప్పపడి ఉంటాయి, అవునా కాదా? నువ్వు రాయలేదు గానీ నేను పందెం కాస్తా.

కాబట్టి అనెక్సిన్-పీఐ అంటే సెల్స్ బతికుండగానే స్టెయిన్ చెయ్యాలి, చేశాక గంటలోపు మెషీన్‌లో పెట్టాలి. వరంగల్‌లో హార్వెస్ట్ చేసి, అంటే పెంచిన గిన్నెలోంచి సెల్స్‌ని ఊడదీసి, బస్సెక్కి ఉప్పల్‌లో దిగి ఆటో మాట్లాడుకుని వెళ్ళేసరికి ఎంత లేదన్నా 4 గంటలు, ఐస్ మీద పెట్టినా ఆ 4 గంటల్లో సెల్స్ వాటంతటవే చావడం మొదలెడతాయి, అప్పుడు మందు వల్ల చచ్చాయా బస్సు వల్ల చచ్చాయా అన్నది తేలదు. ఈ ఎక్స్‌పెరిమెంట్ ఇలా దూరం నుంచి చేసేది కాదమ్మా, ఇది నీకు స్లాట్ బుక్ చేసేటప్పుడే ఎవరైనా చెప్పాల్సింది, కానీ బుకింగ్ ఫారంలో ఆ ప్రశ్న ఉండదు, ఎన్ని ట్యూబులు, ఏ లేజర్, ఏ ప్రాజెక్ట్ హెడ్ అని మాత్రమే ఉంటుంది. అందుకే అంటున్నా, స్లాట్ తర్వాత, ముందు మనిషిని కలువు. కలవలేకపోతే ఫోన్ చెయ్యి. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ముందే ఫోన్ చేసిన స్టూడెంట్ డేటా చెడిపోవడం చాలా తక్కువగా చూశా, నేరుగా డబ్బాతో దిగిన వాళ్ళదే సగం చెత్తబుట్టలోకి పోయేది.

ఇప్పుడు కంట్రోల్ గొడవ. ఇక్కడ నీ తప్పేం లేదు, ఆ మాటకే రెండు అర్థాలున్నాయి, ఎవరూ విడదీసి చెప్పరు. నీ గైడ్ దృష్టిలో కంట్రోల్ అంటే మందు వెయ్యని సెల్స్. ఫ్లో ఆపరేటర్ దృష్టిలో కంట్రోల్స్ అంటే రంగుల కంట్రోల్స్, అంటే అసలు ఏ డై వెయ్యని ట్యూబ్ ఒకటి, అనెక్సిన్ ఒక్కటే వేసింది ఒకటి, పీఐ ఒక్కటే వేసింది ఒకటి. ఎందుకంటే అనెక్సిన్‌కి తగిలించిన ఎఫ్ఐటీసీ అనే ఆకుపచ్చ డై వెలుగు 520 నానోమీటర్ల దగ్గర గట్టిగా ఉన్నా దాని తోక పీఐ డిటెక్టర్ దాకా సాగుతుంది, అలా ఒకదాని వెలుగు ఇంకోదాని డబ్బాలో ఎంత పడుతోందో లెక్కకట్టి తీసెయ్యాలి, దాన్నే కాంపెన్సేషన్ అంటారు, ఒక్కో రంగు విడిగా ఉన్న ట్యూబ్ లేకుండా అది ఆయన కాదు కదా ఎవరూ చెయ్యలేరు. ఆ ఒక్కరంగు ట్యూబుల్లో కూడా వెలిగే సెల్స్ ఉండాలి సుమా, ఆరోగ్యంగా ఉన్న సెల్స్‌లో పీఐ వేస్తే ఏం వెలుగుతుంది, అందుకని కొన్ని సెల్స్‌ని 60 డిగ్రీల వాటర్‌బాత్‌లో కొన్ని నిమిషాలు పెట్టి చంపి, మామూలు సెల్స్‌తో కలిపి దాంట్లో పీఐ వెయ్యాలి. అనెక్సిన్ ట్యూబ్‌కి స్టారోస్పోరిన్ లాంటి మందుతో అపాప్టోసిస్‌లోకి పంపిన సెల్స్ వాడుకో. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు మాత్రం వద్దు, చాలా ల్యాబుల్లో అదే ఉంటుంది పాజిటివ్ కంట్రోల్‌గా, కానీ అది తనంతట తనే ఎర్రగా వెలుగుతుంది, పోయి పీఐ డిటెక్టర్‌లోనే కూర్చుంటుంది.

ఆ మాటకొస్తే నీ ఎక్స్‌ట్రాక్టే వెలుగుతుంది! ఆకుల రసం అన్నావు. ఆకు అంటే క్లోరోఫిల్, నీలం వెలుగు తగిలితే 680 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది, ఫ్లేవనాయిడ్ల లాంటివి కొన్ని ఆకుపచ్చగా మెరుస్తాయి. మందు డోస్ పెంచేకొద్దీ పాజిటివ్ సెల్స్ పెరుగుతున్నాయని గ్రాఫ్ గీసి సంబరపడతారు, అక్కడ పెరిగింది చావు కాదు, సెల్‌కి అంటుకున్న ఆకు పసరు. నేను ఇలాంటి థీసిస్ చాప్టర్ ఒకటి కళ్ళారా చూశా, ఎవరిదో చెప్పను, నాలుగేళ్ళ పని. నువ్వు నాలుగో కంట్రోల్‌గా, ఎక్కువ డోస్ ఎక్స్‌ట్రాక్ట్ వేసి ఏ డై వెయ్యని ట్యూబ్ తప్పకుండా పెట్టు. ఇది మీ గైడ్ అడగకపోవచ్చు, రివ్యూయర్ అడుగుతాడు.

తెర మీద కనిపించేది నిజమా మెషీన్ చేసిన మాయా అన్న అనుమానం ఈ యంత్రంతో పాటే పుట్టింది తెలుసా. 1960లలో అమెరికాలో లాస్ అలమోస్‌లో మ్యాక్ ఫుల్వైలర్ అని ఒకాయన ఉండేవాడు, కణాల్ని చిన్న రంధ్రంలోంచి పంపి కొలిచే కూల్టర్ కౌంటర్‌లో ఎర్ర రక్తకణాల సైజు కొలిస్తే గ్రాఫ్‌లో రెండు గుట్టలు వచ్చేవి, అంటే కణాలు రెండు రకాలా అని కొందరి వాదన. ఈయనకి నమ్మకం కుదరక, ఇంక్‌జెట్ ప్రింటర్ కోసం కనిపెట్టిన టెక్నిక్‌ని తెచ్చుకుని, కణాల్ని చుక్కలు చుక్కలుగా విడగొట్టి, చుక్కకి కరెంటు చార్జి ఇచ్చి పక్కకి లాగి, ఆ రెండు గుట్టల్నీ వేరువేరు గిన్నెల్లో పట్టాడు, 1965లో పేపర్ వేశాడు. పట్టినవాటిని మళ్ళీ కొలిస్తే ఏ గిన్నెలోనైనా మళ్ళీ రెండు గుట్టలే! అంటే రెండు రకాల కణాలు లేవు, రంధ్రంలోంచి కణం ఎలా తిరిగి వెళ్ళింది అన్నదాన్ని బట్టి మెషీన్ రెండు సైజులు చూపిస్తోంది. ఇవాళ మనం సార్టర్ అని పిలిచే మెషీన్ అలా పుట్టింది, ఒక గ్రాఫ్‌ని నమ్మనందుకు. ఇది ప్రతి కొత్త స్టూడెంట్‌కీ చెప్పేదాన్ని, సగం మంది ఆవలించేవాళ్ళు అనుకో.

సరే, జామ్. ఎంసీఎఫ్-7 మొండి సెల్స్, గుంపులు గుంపులుగా పెరుగుతాయి, సెల్స్‌ని ఊడదీసే ట్రిప్సిన్ వేసినా పూర్తిగా విడిపోవు, పైగా ఫిక్స్ చేస్తే ఆ గుంపులు అలాగే గట్టిపడిపోతాయి. మెషీన్ లోపల సాంపిల్ పోయే గొట్టం సన్నగా ఉంటుంది, అందులో ముద్ద అడ్డం పడితే ఇక ఆ పూటకి అయిపోయినట్టే, ఆపరేటర్ బ్లీచ్ కలిపిన నీళ్ళు పెట్టి, మళ్ళీ మంచి నీళ్ళు పెట్టి, వెనక్కి తోసి, నీ తర్వాత స్లాట్ వాళ్ళకి ఫోన్ చేసి ఆలస్యం అవుతుందని చెప్పి తిట్లు తినాలి. ఆ 3 గంటల బిల్లులో ఆ పని కూడా ఉంది. 40 మైక్రాన్ల జల్లెడ దొరుకుతుంది, స్ట్రెయినర్ అంటారు, ట్యూబ్ మూతకే బిగించి వచ్చేవి కూడా ఉంటాయి, మెషీన్ దగ్గర కూర్చునే ముందు ప్రతి ట్యూబూ దాంట్లోంచి పొయ్యి. జల్లెడ పట్టకుండా మెషీన్ దగ్గరికి రానివ్వని ల్యాబులు ఉన్నాయి, మంచి ల్యాబులు అవే.

ఇంకో రెండు చిన్న విషయాలు, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. హార్వెస్ట్ చేసేటప్పుడు పైన మీడియా, అదే సెల్స్ పెరిగే పోషక ద్రవం, పారబోశావా? చాలామంది పారబోస్తారు. చచ్చే సెల్స్ ముందు అడుగునుంచి ఊడి మీడియాలోనే తేలతాయి, దాన్ని సింకులో పోసేసి, అతుక్కుని ఉన్న బతికిన సెల్స్‌ని మాత్రం తెచ్చి మందు పనిచెయ్యలేదు అంటే ఎట్లా. మీడియా కూడా ట్యూబ్‌లో పోసి, ట్రిప్సిన్‌తో ఊడినవాటిని దాంతో కలిపి స్పిన్ చెయ్యి. రెండోది, అనెక్సిన్‌కి కాల్షియం కావాలి, కిట్‌లో బైండింగ్ బఫర్ ఇచ్చేది అందుకే, ట్రిప్సిన్‌లో ఉండే ఈడీటీఏ కాల్షియంని పట్టేసుకుంటుంది, బాగా కడగకపోతే స్టెయినే పట్టదు. ఆ బఫర్ బదులు మామూలు ఉప్పునీళ్ళ బఫర్, పీబీఎస్‌లో వేసి అనెక్సిన్ రాలేదని కిట్ కంపెనీకి ఫోన్ చేసిన మహానుభావులున్నారు.

మరి వరంగల్ నుంచి ఎలా చెయ్యాలి అంటావు. నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, సెల్స్‌ని బతికుండగానే తీసుకెళ్ళడం. చిన్న టీ-25 ఫ్లాస్క్ నిండా, అంటే మెడ దాకా మీడియా పోసి, మూత గట్టిగా బిగించి పారాఫిల్మ్ చుట్టి, ఐస్ లేకుండా మామూలుగా తీసుకెళ్ళు, సెల్ లైన్లు ఊళ్ళ మధ్య అలాగే పంపుకుంటారు. అక్కడ కల్చర్ రూంలో ఇంక్యుబేటర్‌లో చోటడుగు, మర్నాడు ప్లేట్ చేసి, ఆపైన మందు వేసి, 24 గంటలయ్యాక హార్వెస్ట్ చేసి పక్క రూంలోనే స్టెయిన్ చేసి రన్ చెయ్యి. 3, 4 రోజులు హైదరాబాద్‌లో ఉండాలి, ఎవరైనా ఫ్రెండ్ హాస్టల్‌లో సర్దుకో. కానీ మైకోప్లాస్మా అనే బాక్టీరియా లేదని టెస్ట్ చేయించకుండా బయటి సెల్స్‌ని కల్చర్ రూంలోకి ఎవరూ రానివ్వరు, రానివ్వకూడదు కూడా, ఒక్క ఫ్లాస్క్‌తో వచ్చిన మైకోప్లాస్మా రూం మొత్తానికి అంటుకుంటే ఆర్నెల్ల పని పోతుంది. ఆ టెస్ట్ రిపోర్ట్ ముందే చేతిలో పెట్టుకుని అడుగు, సగం పని అయిపోయినట్టే.

రెండోది, ఎక్స్‌పెరిమెంటే మార్చడం. సెల్ విభజన దశలు చూసే సెల్ సైకిల్ టెస్ట్ అయితే ఫిక్స్ చెయ్యడమే పద్ధతి. చల్లటి 70 శాతం ఇథనాల్‌ని వోర్టెక్స్ మీద చుక్కచుక్కగా వేస్తూ సెల్స్‌ని ఫిక్స్ చేస్తే మైనస్ 20లో వారాల తరబడి ఉంటాయి, బస్సెక్కించినా ఏం కాదు, అక్కడికెళ్ళి కడిగి ఆర్‌ఎన్‌ఏస్, పీఐ వేసి అరగంట ఆగి రన్ చెయ్యడమే. (అన్నట్టు మొదటిరోజుల్లో పీఐ అంటే నాకు గైడే గుర్తొచ్చేవాడు, ప్రాజెక్ట్ హెడ్‌ని అలాగే అంటాం కదా, "పీఐ చచ్చిన సెల్స్‌లోకే దూరుతుంది" అని ఎవరో అంటే పడీపడీ నవ్వాం.) ఇందులో పీఐ చెప్పేది చావు కాదు, సెల్‌లో డీఎన్‌ఏ ఎంతుందో, దాన్నిబట్టి మందు వల్ల సెల్స్ ఏ దశలో ఆగిపోతున్నాయో తెలుస్తుంది. రెండు సెల్స్ అతుక్కుని కలిసి వెళ్తే డీఎన్‌ఏ రెట్టింపు కనిపించి విభజనకి సిద్ధంగా ఉన్న ఒకే సెల్ లాగా అనిపిస్తుంది, కాబట్టి జంటల్ని తీసెయ్యమని ఆపరేటర్‌ని అడుగు, తను మర్చిపోడు గానీ నువ్వు అడిగితే నీకు తెలుసని అర్థమవుతుంది. ఇంకోటి, ఎంసీఎఫ్-7లో కాస్పేస్-3 అనే అపాప్టోసిస్ ఎంజైమ్ లేదు, ఆ జీన్‌లో ముక్క పోయింది, అందువల్ల వేరే సెల్ లైన్లలో కనిపించినట్టు డీఎన్‌ఏ ముక్కలై సబ్-జీ1 గుట్ట, అంటే డీఎన్‌ఏ తగ్గిపోయిన సెల్స్ గుట్ట, పెద్దగా రాకపోవచ్చు, రాలేదని మందు పనిచెయ్యలేదు అనుకోకు. కాస్పేస్-3 ప్రొటీన్ కోసం బ్లాట్ టెస్ట్ చేద్దాం అని మీ గైడ్ అంటే ఈ సంగతి మెల్లగా చెప్పు.

ఈ రెండిట్లో ఏది చేసినా ముందు మీ దగ్గరే చిన్నగా చూసుకో. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఏ పక్క డిపార్ట్‌మెంట్‌లో అయినా ఉంటుంది, అక్రిడిన్ ఆరెంజ్, ఇథిడియం బ్రోమైడ్ కలిపి వేస్తే బతికినవి ఆకుపచ్చ, చచ్చినవి నారింజ ఎరుపు, గ్లవ్స్ వేసుకుని చెయ్యి. 10 నిమిషాల పని. అందులోనే తేడా కనిపించకపోతే ఫ్లోకి వెళ్ళి డబ్బు తగలెయ్యడం ఎందుకు. 24 ట్యూబులు కూడా వద్దు, 4 కంట్రోల్స్, అన్‌ట్రీటెడ్ ఒకటి, సాల్వెంట్ ఒక్కటే వేసింది ఒకటి, ఒకటి రెండు డోసులు, మొత్తం 8 ట్యూబులతో గంట స్లాట్ తీసుకో. గైడ్‌కి "24 ట్యూబులకి మళ్ళీ 3 గంటలు" అని అడిగితే కుదరదు అంటారు, "8 ట్యూబులు, గంట, ఈసారి ఆపరేటర్ సార్‌కి ప్లాన్ చూపించాకే వెళ్తా" అంటే ఆయన కూడా కాదనలేరు.

ఇక కాన్ఫోకల్. భయం అక్కర్లేదు గానీ ఒక భ్రమ వదిలించుకో, కాన్ఫోకల్ చెడ్డ స్టెయిన్‌ని మంచి స్టెయిన్ చెయ్యదు. కాన్ఫోకల్ కోసం మార్విన్ మిన్స్కీ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1957లో పేటెంట్‌కి పెట్టిన ఐడియా ఒకటే, డిటెక్టర్ ముందు చిన్న రంధ్రం పెట్టి, ఫోకస్‌లో లేని పొరల నుంచి వచ్చే మసక వెలుగుని ఆపెయ్యడం. మసక తీసేస్తుంది, లేనిది తీసుకురాదు. మీ దగ్గర మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌లో ఏమీ కనిపించని స్లైడ్‌ని కాన్ఫోకల్ గదికి తీసుకెళ్ళకు.

కవర్‌స్లిప్, అదే స్లైడ్ మీద కప్పే పల్చటి గాజు ముక్క, చూసుకో, లెన్సులు 0.17 మిల్లీమీటర్ల మందానికి లెక్కకట్టి చేస్తారు, అది నంబర్ 1.5 అని అడిగితే ఇస్తారు, మామూలుగా చేతికొచ్చేవి నంబర్ 1, ఇంకా పల్చన. సెల్స్ కవర్‌స్లిప్ మీద పెంచి, మౌంట్ చేసేటప్పుడు సెల్స్ ఉన్న వైపు కిందకి, స్లైడ్ వైపు ఉండాలి, తిరగేసి పెట్టిన వాళ్ళని లెక్కపెట్టడం మానేశా నేను. ఏ వైపో మర్చిపోతే సూదితో అంచు మీద కొంచెం గీకి చూడు. కవర్‌స్లిప్ అంచులు మూసే నెయిల్ పాలిష్ ముందురోజే వేసి ఆరనివ్వు, తడిది లెన్స్‌కి అంటుకుందంటే ఆ ఆయిల్ లెన్స్ ధర లక్షల్లో ఉంటుంది, ఇక నీకు ఆ గదిలో జీవితాంతం పేరుంటుంది, మంచి పేరు కాదు.

కూర్చున్నాక వరుస ఇది: ముందు ప్రొటీన్‌ని పట్టుకునే ప్రైమరీ యాంటీబాడీ వెయ్యకుండా, దానికి అతుక్కుని వెలిగే సెకండరీ ఒక్కటే వేసిన స్లైడ్ చూడు, అందులోనే వెలుగు ఉంటే మిగతాది చూడక్కర్లేదు, ఇంటికొచ్చి మళ్ళీ స్టెయిన్ చెయ్యి. అన్నిటికన్నా ఎక్కువ వెలిగే స్లైడ్ మీద లేజర్, గెయిన్ (డిటెక్టర్ వెలుగుని ఎంత పెంచి చూపాలో) సెట్ చేసి, ఏ పిక్సెలూ నిండిపోకుండా చూసి, ఇక ఆ నంబర్లు ముట్టుకోకు, అన్ని స్లైడ్లకీ అవే. ఒక్కో స్లైడ్‌కి అందంగా కనిపించేదాకా గెయిన్ పెంచి తర్వాత ఏది ఎక్కువ వెలిగిందో పోల్చడం అంటే రెండు త్రాసుల్లో తూచి తేడా చెప్పడం. ఎక్స్‌ట్రాక్ట్ మాత్రమే వేసిన స్లైడ్ ఇక్కడా ఉండాలి, పైన చెప్పిన ఆకు పసరు సంగతి ఇక్కడా అంతే.

మీ గైడ్ ఎరుపు, ఆకుపచ్చ కలిపి పసుపు రావాలి అంటారు, అందరు గైడ్లూ అదే అడుగుతారు. పసుపు వస్తే ఆ రెండు ప్రొటీన్లు చేతులు పట్టుకున్నాయని రాసెయ్యకండి దయచేసి. మామూలు వెలుగుతో 200 నానోమీటర్ల కంటే దగ్గరున్న రెండు చుక్కల్ని విడదీసి చూడలేం, జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆబ్బే 1873లోనే లెక్క చెప్పాడు, కాన్ఫోకల్‌కి కూడా ఆ గీత దాదాపు అదే, లోతులోకైతే ఇంకా ఘోరం, 500 పైనే. ప్రొటీన్ ఒకటి ఓ 5 నానోమీటర్లు అనుకో, నీ ఒక్క పసుపు చుక్కలో అలాంటివి 40 వరుసగా నిలబడతాయి. ఒకే వీధిలో ఉన్నారు అని చెప్పొచ్చు, ఒకే ఇంట్లో ఉన్నారని చెప్పలేవు.

ఫైళ్ళు రా ఫార్మాట్‌లో తెచ్చుకో, ఫ్లో అయితే ఎఫ్‌సీఎస్, కాన్ఫోకల్ అయితే ఆ కంపెనీ సొంత ఫార్మాట్, స్క్రీన్‌షాట్లు, పీడీఎఫ్‌లు కాదు. కామన్ ల్యాబ్ కంప్యూటర్లలో పాత ఫైళ్ళు తుడిచేస్తుంటారు, పెన్‌డ్రైవ్ కూడా చాలాచోట్ల పెట్టనివ్వరు వైరస్ భయంతో, ఎలా తీసుకెళ్ళాలో ముందే అడుగు. కాన్ఫోకల్ ఫైళ్ళని ఇంటికొచ్చాక ఫిజీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవచ్చు, ఫ్రీ.

ప్రైవేట్ ల్యాబ్ అన్నావు. పంపొచ్చు, తప్పు లేదు, కానీ నువ్వు ఈ ట్యూబులే పంపి ఉంటే వాళ్ళూ ఇదే 97 శాతం ఇచ్చేవాళ్ళు, కాకపోతే కంట్రోల్స్ ఏవమ్మా అని అడగకుండా రంగుల పీడీఎఫ్ చేసి పంపేవాళ్ళేమో. వైవాలో ఎగ్జామినర్ ఈ గేట్ (గ్రాఫ్‌లో ఏ సెల్స్ లెక్కలోకి వస్తాయో చెప్పే గీత) ఇక్కడెందుకు గీశావు అంటే ఆ పీడీఎఫ్ మాట్లాడదు. నువ్వు విసుక్కున్నాడు అనుకుంటున్న ఆ సార్ నీకు దొరికిన అదృష్టం. ఆయన ప్లేస్‌లో చాలాచోట్ల కాంట్రాక్ట్ మీద పనిచేసే వాళ్ళుంటారు, పొద్దున మెషీన్ ఆన్ చేసి బీడ్స్‌తో చెక్ చేసి, పదిమంది సాంపిళ్ళు చూసి, సాయంత్రం కడిగి, మధ్యలో లేజర్ పోతే కంపెనీ ఇంజనీర్ కోసం ఫోన్లు చేసుకునే మనుషులు. వాళ్ళతో నిజం చెప్పు, ముఖ్యంగా సాంపిల్ ఏంటన్నది. ఎంసీఎఫ్-7 మనిషి సెల్స్, ఫారంలో అలాగే రాయి. నా దగ్గర ఒకబ్బాయి పేషెంట్ రక్తం ఫిక్స్ చెయ్యకుండా తెచ్చి ఎలుక రక్తం అని రాశాడు, సేఫ్టీ కమిటీ పేపర్లు తప్పించుకోవడానికి, నేను ఉత్త చేత్తో ట్యూబ్ మార్చా ఆరోజు. ఆ తర్వాత టెస్టుల రిజల్ట్ వచ్చేదాకా నాకు నిద్రపట్టింది లేదు. ఏమీ కాలేదు, కానీ ఆ గ్రూప్‌కి మళ్ళీ స్లాట్ ఇవ్వలేదు.

వేరే మెషీన్లు దగ్గర్లో ఏవైనా ఉన్నాయా చూడాలంటే ఐ-స్టెమ్ అని కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది, 2020 జనవరిలో మొదలుపెట్టారు, దేశంలో పబ్లిక్ డబ్బుతో కొన్న మెషీన్లు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుని బుక్ చేసుకోవడానికి. అందులో పేరుంది కదా అని నేరుగా వెళ్ళిపోకు, ముందు ఫోన్ చేసి పనిచేస్తోందా అని అడుగు.

బిల్ సంగతి, 3 గంటలూ నీ పేరు మీద బుక్ అయ్యాయి, కట్టాల్సిందే. మళ్ళీ వెళ్ళేటప్పుడు ట్రైనింగ్ స్లాట్ ఉందా, స్టూడెంట్లకి రేటు తగ్గుతుందా అని అడుగు, కొన్ని చోట్ల ఉంటుంది, అడిగినవాళ్ళకే చెప్తారు.

పేపర్‌లో పేరు. బిల్ కట్టాం కదా ఇంకేం పేరు అని కొందరు గైడ్లు అంటారు, ఆ మాట నాకు నచ్చదు. మెషీన్ నడిపిపెట్టినందుకు ల్యాబ్ పేరు, ఆయన పేరు అక్నాలెడ్జ్‌మెంట్‌లో తప్పకుండా రాయి, ఆ పేపర్లు చూపించే ఆ ల్యాబులు తర్వాతి మెషీన్‌కి గ్రాంట్ అడుగుతాయి. ఆయన కూర్చుని ఎక్స్‌పెరిమెంట్ ఎలా చెయ్యాలో నీతో కలిసి మార్చి, డేటా విశ్లేషించి, పేపర్ రాయడంలో కూడా చెయ్యి వేస్తే అప్పుడు రచయితల్లో ఉండాలి, అది మొహమాటం కాదు హక్కు. ఈ మాట పని మొదలుపెట్టేటప్పుడే గైడ్‌తో మాట్లాడెయ్, పేపర్ పంపే రోజు కాదు.

ఇవాళే ఆ సార్‌కి ఒక మెయిల్ రాయి. జామ్ అయినందుకు సారీ సార్ అని ఒక్క లైన్ చాలు, సాగదీయకు, కింద 8 ట్యూబుల లిస్ట్ పెట్టి ఇది సరిపోతుందా సార్ అని అడుగు. సెల్ లైన్ పేరు, ఎక్స్‌ట్రాక్ట్ ఏ సాల్వెంట్‌లో కరిగించావో రాయడం మర్చిపోకు, డీఎంఎస్ఓ అయితే చివరికి ఎంత శాతం పడుతోందో కూడా, ఆయన అడగబోయే మొదటి ప్రశ్న అదే.